నోటో శాన్స్ తెలుగు: ఫాంటు స్వభావం, వాడకం – తరచుగా అడిగే ప్రశ్నలు

వెబ్‌సైట్లు, యాప్‌లు, పుస్తకాలు, బోర్డులు, సబ్‌టైటిళ్లు తయారుచేసేవాళ్లు నోటో శాన్స్ తెలుగు గురించి ఎక్కువగా అడిగే విషయాలివి. ఇంగ్లిష్ అక్షరాలకు కుదిరిన కొలతలను తెలుగుకు తగిలిస్తే ఎంత మంచి ఫాంటైనా చెడుతుంది. ఇక్కడ చెప్పిన ఇబ్బందుల్లో చాలావరకు అక్కడే మొదలవుతాయి. తొందరలో ఉన్నవాళ్లు ముందు ఒత్తుల గురించి, సైజుల గురించి ఉన్న జవాబులు చదవండి.

ఇది ఎలాంటి ఫాంటు?

నోటో అనేది గూగుల్ చేయించిన పెద్ద ఫాంట్ల కుటుంబం. ఒక అక్షరానికి కంప్యూటర్లో ఫాంటు దొరక్కపోతే దాని చోట ఖాళీ డబ్బా కనిపిస్తుంది. ఆ డబ్బాలకు ఈ రంగంలో టోఫు అని పేరు. ఏ లిపీ డబ్బాలుగా మిగలకూడదన్నది ఉద్దేశం కాబట్టి ‘నో టోఫు’ కాస్తా నోటో అయింది. అందులో తెలుగుకు రెండు రూపాలున్నాయి: గీత మందం దాదాపు సమానంగా సాగే శాన్స్, సన్నం-లావుల తేడా కనిపించే సెరిఫ్. ఈ జవాబులన్నీ శాన్స్ గురించే.

ఇప్పుడు దొరికేది వేరియబుల్ ఫాంటు. ఒకే ఫైలులో మందాన్ని 100 నుంచి 900 దాకా, వెడల్పును 100 శాతం నుంచి తగ్గిస్తూ ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. విడివిడి ఫైళ్లు కావాలన్నా దొరుకుతాయి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు కనిపించేది దీనితోనే. అందువల్ల పాఠకుల కంటికి ఇది ముందే అలవాటైన రూపం.

తెలుగు అక్షరాలకు సెరిఫ్‌లే లేవు కదా, మరి ‘శాన్స్’ అని ఎందుకంటారు?

నిజమే. సెరిఫ్ అంటే ఇంగ్లిష్ అక్షరాల కొసల్లో ఉండే చిన్న అడ్డుగీత. అది లేని అచ్చక్షరాలు ఇంగ్లండులో 1816 ప్రాంతంలో కాస్లన్ ఫౌండ్రీ (అచ్చక్షరాలు పోతపోసే సంస్థ) నమూనా పుస్తకంలో కనిపించాయి. 1957లో స్విట్జర్లాండులోని హాస్ ఫౌండ్రీ నుంచి వచ్చిన న్యూ హాస్ గ్రోటెస్క్, అంటే తర్వాత హెల్వెటికాగా పేరు మారిన ఫాంటు, ఈ శైలిని ప్రపంచమంతా పరిచయం చేసింది.

తెలుగులో ఆ అడ్డుగీత ఎప్పుడూ లేదు. కాబట్టి తెలుగు ఫాంటును శాన్స్ అన్నప్పుడు చూడాల్సినవి రెండు. మొదటిది గీత మందం: మొదలు నుంచి చివరి దాకా ఒకేలా సాగుతుందా, వంపుల్లో లావెక్కుతుందా? రెండోది కొసలు: తిన్నగా కోసినట్టు ఆగుతాయా, చుక్కలా ఉబ్బుతాయా? నోటో శాన్స్‌లో మందం దాదాపు సమానం, కొసలు సాదా.

ఈ రూపం పరాయిదేమీ కాదు. తాటాకు మీద గంటంతో రాసినప్పుడు గీత పొడవునా ఒకే మందం ఉండేది. గీసిన గాట్లలో మసి పట్టిస్తే అక్షరం పైకి తేలేది. అడ్డంగా తిన్నని గీత గీస్తే ఆకు చీలుతుంది కాబట్టే మన అక్షరాలు గుండ్రం తిరిగాయని చెబుతారు. సన్నం-లావుల వయ్యారాన్ని కలం రాత, సీసపు అచ్చులు పెంచాయి. సమాన మందం ఉన్న తెలుగు ఫాంటును చూసి ‘ఇంగ్లిష్‌ను కాపీ కొట్టారు’ అనడం తొందరపాటు.

దీన్ని ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

వెతుక్కుంటూ చదివే చోట వాడండి: యాప్ మెనూలు, దరఖాస్తు ఫారాలు, బస్సు టైంటేబుళ్లు, కరెంటు బిల్లులు, పట్టికలు, మ్యాపులు, దారిచూపే బోర్డులు, వంటల కొలతలు, మందు చీటీ మీది సూచనలు. ఇలాంటి చోట అక్షరం తన వైపు చూపు లాక్కోకూడదు.

పెళ్లి శుభలేఖ, పద్యాల పుస్తకం, సినిమా టైటిల్, గుడి కరపత్రం లాంటివాటికి ఇది చప్పగా ఉంటుంది. మూడొందల పేజీల నవలకు కూడా దీనికంటే నోటో సెరిఫ్ తెలుగు, సూరన్న లాంటి సన్నం-లావులున్న ఫాంట్లే హాయి. పేజీలకు పేజీలు ఏకబిగిన చదివేటప్పుడు గీతలోని హెచ్చుతగ్గులు కంటికి ఊతమిస్తాయి.

మిగతా ఉచిత తెలుగు ఫాంట్లతో పోలిస్తే?

హింద్ గుంటూరు (ఇండియన్ టైప్ ఫౌండ్రీ) కూడా శుభ్రమైన శాన్సే. లైట్ నుంచి బోల్డ్ దాకా 5 మందాలున్నాయి. యాప్‌లకు దాన్ని నిస్సంకోచంగా తీసుకోవచ్చు. అనేక్ తెలుగు (ఏక్ టైప్, 2022) వేరియబుల్ ఫాంటు: మందం 100 నుంచి 800 వరకు, వెడల్పు 75 నుంచి 125 వరకు. నోటో వెడల్పు తగ్గుతుందే గానీ పెరగదు, అనేక్ రెండు వైపులా సాగుతుంది. హెడ్డింగుల్లో ఆటలాడాలంటే అనేక్‌దే పైచేయి. మండలి చదవడానికి బాగుంటుంది గానీ దానికి ఒక్కటే మందం. బోల్డ్ కావాలంటే ఇబ్బంది. రామభద్ర హెడ్డింగులకే. దాంతో పేరాలు పేరాలు పేర్చకండి.

మందాలన్నీ ఉండటం, పక్కన తమిళం, కన్నడం, హిందీ, ఉర్దూ పెట్టినా అదే కుటుంబం ఫాంట్లు దొరకడం నోటో బలం. నాలుగైదు భాషల్లో ఒకే ఫారం ముద్రించాల్సిన ఆఫీసుకు ఈ ఒక్క కారణం చాలు.

బటన్లలో, హెడ్డింగుల్లో ఒత్తులు కింద తెగిపోతున్నాయి. ఫాంటులో లోపమా?

ఫాంటులో లోపం లేదు, మీరిచ్చిన ఎత్తు చాలలేదు. తెలుగులో ఇంతకంటే ఎక్కువ తలనొప్పి పెట్టే విషయం లేదు కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

ఇంగ్లిష్ అక్షరం గీతకు పైన ఒకటి, కింద ఒకటి చొప్పున తోకలు చాస్తుంది. ‘శ్రీ’ అన్న ఒక్క తెలుగు అక్షరంలో పైన గుడి దీర్ఘం ఉంటుంది, కింద క్రావడి చుట్టుకుని ఉంటుంది. ‘జ్యోత్స్న’లో త కింద స ఒత్తు, దానికి తోడు న ఒత్తు. ‘రాష్ట్రం’లో ష కింద ట ఒత్తు, రెంటినీ పట్టుకుని క్రావడి. ఒక పంక్తిలో ‘రాష్ట్ర’ ఉండి, సరిగ్గా దాని కింది పంక్తిలో ‘కీ’ వచ్చిందనుకోండి. పైవాడి కాళ్లు కిందివాడి తలకు తగులుతాయి. అందుకే ఈ ఫాంటు ఫైలులోనే పైనా కిందా ఖాళీ ఎక్కువగా పెట్టారు. డిజైనరు లైన్-హైట్ (పంక్తి ఎత్తు) 1 అనో 1.2 అనో రాసినప్పుడు ఆ ఖాళీ కాస్తా పోతుంది.

తెగడానికి మామూలుగా మూడు కారణాలుంటాయి:

- బటనుకు 32 పిక్సెళ్లని ఎత్తు బిగించడం. ఎత్తు బిగించకుండా, పైనా కిందా 10 పిక్సెళ్ల చొప్పున ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఇవ్వండి. 16 పిక్సెళ్ల అక్షరానికి బటను 44కు తగ్గకుండా చూసుకోండి.
- పొడవైన శీర్షికను చుక్కలతో కుదించడానికి ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టడం. పెట్టె అంచు దాటిన ఒత్తులన్నీ కోతకు గురవుతాయి. ఆ పెట్టెకే కింద అక్షరం సైజులో పావు వంతు ప్యాడింగ్ ఇస్తే సరిపోతుంది.
- ఆండ్రాయిడ్ యాప్‌లో ఇన్‌క్లూడ్-ఫాంట్-ప్యాడింగ్‌ను ఫాల్స్ చేయడం. ఇంగ్లిష్ స్క్రీన్ చూసి చేసిన ఆ మార్పు తెలుగు స్క్రీన్ మీద కాళ్లు నరికేస్తుంది.

డిజైన్ చూపించేటప్పుడు ‘నా పేరు’, ‘మన ఊరు’ లాంటి ఒత్తుల్లేని మాటలు పెట్టి సరే అనుకోవద్దు. మొదటి రోజు నుంచే నమూనా పెట్టెల్లో ‘విద్యార్థి రిజిస్ట్రేషన్’ లాంటి మాటలు పెట్టండి.

ఎంత సైజు, పంక్తుల మధ్య ఎంత ఎడం?

ఫోన్, కంప్యూటర్ తెర మీద చదివే పేరాకు 17 లేదా 18 పిక్సెళ్లు, లైన్-హైట్ 1.7. అంటే 18 పిక్సెళ్లకు పంక్తి ఎత్తు సుమారు 30.6. పెద్ద హెడ్డింగులకు 1.35 నుంచి 1.45 మధ్య చాలు. ఫారం కింద ఇచ్చే చిన్న సూచనలకు 14 పిక్సెళ్ల కంటే కిందికి దిగవద్దు.

అచ్చులో 11 పాయింట్లకు 17 పాయింట్ల లీడింగు (పంక్తి ఎత్తు) మంచి మొదలు. పట్టికలో 9 మీద 13.5 వరకు తగ్గొచ్చు. విజిటింగ్ కార్డులో చిరునామాకు 8 పాయింట్లు కింది హద్దు, అదీ మీడియం మందంతో.

కింది హద్దు ఎందుకో తెలియాలంటే ‘అర్థం’, ‘అర్ధం’ పక్కపక్కన రాసి చూడండి. ఒకటి భావం, ఇంకొకటి సగం. ఈ రెంటికీ తేడా ర కింద ఉన్న బుల్లి ఒత్తులోనే ఉంది: ఒకదానిలో లోపల చుక్క, ఇంకోదానిలో అడుగున చిన్న నిలువు గీత. 18 పిక్సెళ్ల వద్ద తేడా స్పష్టం. 12 పిక్సెళ్ల వద్ద ఆ ఒత్తుకు మిగిలేది నాలుగైదు పిక్సెళ్లే. చుక్కా గీతా ఒకే మచ్చగా మారిపోతాయి. పాఠకుడు సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. ‘తిరు’, ‘తీరు’ల్లో గుడికీ గుడి దీర్ఘానికీ మధ్య ఉన్న చిన్న మెలిక కూడా ఇలాగే మాయమవుతుంది.

ఏ మందం ఎక్కడ?

పేరాకు 400. తెల్లటి నేల మీద బూడిదరంగు అక్షరాలు తప్పదంటే 500. హెడ్డింగుకు 600 లేదా 700. 800, 900 పోస్టర్లకు ఉంచుకోండి. చిన్న సైజులో ఆ మందం వేస్తే క్ష, ఘ, ఝ, ఖ లాంటి అక్షరాల లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. 100, 200 మందాలు 40 పిక్సెళ్లు దాటితేనే అందం. అంతకంటే చిన్నగా వాడితే తలకట్టు అక్షరం నుంచి విడిపోయి దుమ్ములా కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. మీరు 400 ఫైలు ఒక్కటే ఎక్కించి పేజీలో బోల్డ్ అడిగితే, బ్రౌజరు ఉన్న అక్షరానికే చుట్టూ రంగు పులిమి లావు చేస్తుంది. ఒత్తులు ముద్దకట్టినట్టు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఫాంట్-సింథసిస్‌ను నన్ చేసి చూడండి. లావు పోయిందంటే అసలు బోల్డ్ ఫైలు ఎక్కలేదని అర్థం.

పక్కన ఇంగ్లిష్ వచ్చినప్పుడు ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా కనిపిస్తోంది.

తెలుగు అక్షరం ఎత్తు ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాలకూ పెద్దబడి అక్షరాలకూ మధ్య ఎక్కడో ఉంటుంది. ఏ ఫాంటులో ఎక్కడ ఉంటుందన్నది ఆ డిజైనర్ నిర్ణయం. నోటో శాన్స్ తెలుగును నోటో శాన్స్ ఇంగ్లిష్‌తోనే కలపండి, చిక్కు చాలావరకు తీరుతుంది. వేరే ఇంగ్లిష్ ఫాంటు తప్పదంటే ‘వ’ అక్షరం పక్కన ఇంగ్లిష్ చిన్నబడి ‘ఎక్స్’ పెట్టి, తలకట్టు తీసేస్తే మిగిలే గుండ్రం ఎత్తును దాంతో పోల్చండి. ఇంగ్లిష్‌ను 4 నుంచి 8 శాతం అటూఇటూ చేస్తే సాధారణంగా కుదురుతుంది.

అన్నీ పెద్దబడి అక్షరాలతో ఉన్న ఇంగ్లిష్ మాట తెలుగు పంక్తిలో అరుపులా ఉంటుంది. ప్రభుత్వ పథకాల పేర్లు, పరీక్షల పేర్లు ఇలా తరచూ వస్తాయి. అక్కడ ఇంగ్లిష్‌ను 10 శాతం తగ్గించండి. ఇంకా మేలు, తెలుగులోనే రాయండి.

అంకెలు మరో సంగతి. ఈ ఫాంటులో ౧, ౨, ౩ లాంటి తెలుగు అంకెలున్నాయి గానీ వాడుకలో 1, 2, 3లే. పాత ఫైళ్లు కొన్నింటిలో ఇంగ్లిష్ అక్షరాలూ ఈ అంకెలూ ఉండవు. అప్పుడు కంప్యూటరు అంకెలను వేరే ఫాంటు నుంచి అరువు తెస్తుంది. ధరల పట్టికలో అంకెలు మాత్రం సన్నగా, వేరే పోకడతో కనిపిస్తే కారణం అదే. కొత్త ఫైలు దించుకోండి.

ఇటాలిక్ ఎందుకు లేదు?

తెలుగు లిపికి ఇటాలిక్ సంప్రదాయం లేదు కాబట్టి. ఐ బటను నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని పక్కకు వంచుతుంది. తలకట్టు పక్క అక్షరం గుడి మీద పడుతుంది, ఒత్తు ఎడమకు జారుతుంది. పుస్తకం పేరుకు కొటేషన్ గుర్తులు, నొక్కి చెప్పాల్సిన మాటకు 600 మందం వాడండి.

అక్షరాల మధ్య ఎడం పెంచొచ్చా? రెండు వైపులా సమం చేయొచ్చా?

ఎడం సున్న దగ్గరే ఉంచండి. గుండ్రటి అక్షరాలు దగ్గరగా నిలిస్తేనే మాట ఒక్క ముక్కగా కనిపిస్తుంది. లోగోలో పెంచాలంటే మాటను గీతలుగా మార్చి, ఒక్కొక్క అక్షరాన్నీ దాని ఒత్తులూ కొమ్ములతో కలిపి ఒక కట్టగా కట్టి, చేత్తో జరపండి.

రెండు వైపులా సమం చేయడం పుస్తకపు వెడల్పులో పరవాలేదు. ఫోన్ తెర మీదా, సన్నని కాలమ్‌లోనూ వద్దు. ‘నిర్ణయించుకోవాల్సివచ్చినప్పటికీ’ లాంటి మాట ఒకటి పడితే పక్కన ఏనుగు పట్టేంత ఖాళీ మిగులుతుంది. ఎడమవైపు సరిచేసి కుడివైపు వదిలేయండి.

‘వెబ్‌సైట్’ అని కొడితే ‘వెబ్సైట్’ అని ఒత్తు పడుతోంది. ఫాంటు మార్చాలా?

అక్కర్లేదు. పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్ని ఒత్తుగా మార్చడం తెలుగు నియమం. ఫాంటు తన పని తాను చేసింది. ఇంగ్లిష్ మాటల్లో పొల్లును పొల్లుగానే నిలపాలంటే రెంటికీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు పెట్టాలి. ఫోన్ కీబోర్డుల్లో కొన్నింటిలో దీనికి ప్రత్యేకమైన మీట ఉంటుంది. ‘ఫేస్‌బుక్’, ‘సాఫ్ట్‌వేర్’, ‘హెడ్‌లైన్’ అన్నిటికీ ఇదే మందు. దీన్ని తెలుగు మాటల్లో వాడకండి. ‘రాష్ట్రం’లో పొరపాటున పడితే ‘రాష్‌ట్రం’ అయి కూర్చుంటుంది. వెతుకులాటలోనూ ఆ మాట దొరకదు.

ఈ కనిపించని గుర్తు ఎంత బలమైనదో 2018 ఫిబ్రవరిలో ఐఫోన్ వాడేవాళ్లు చూశారు. ‘జ్ఞ’కు ఈ గుర్తు, ఆపైన దీర్ఘం చేరిన ఒక వరుస సందేశంలో వస్తే యాప్ కూలిపోయేది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. తప్పు తెలుగుదీ కాదు, ఫాంటుదీ కాదు. అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేర్ ఆ వరుసను ఊహించలేదు.

వెబ్‌సైట్లో సొంతంగా పెట్టుకోవడం ఎలా?

ఫైలును డబ్ల్యూఓఎఫ్ఎఫ్2 అనే వెబ్ ఫాంటు రూపంలోకి మార్చండి. స్టైల్‌షీటులో ఫాంట్-ఫేస్ నియమం రాసి, మందం 100 నుంచి 900 అని, ఫాంట్-డిస్‌ప్లే స్వాప్ అని ఇవ్వండి. పేజీ మొదటి ట్యాగులో భాష తెలుగు అని ప్రకటించండి. ఫాంటు ఎక్కేలోపు కనిపించడానికి వరుసగా నిర్మలా యూఐ (విండోస్ 8 నుంచి ఉంది), కోహినూర్ తెలుగు (ఆపిల్ పరికరాలు), చివరగా సాన్స్-సెరిఫ్ పేర్కొనండి.

ఇక్కడ రెండు తప్పులు పదేపదే జరుగుతాయి. యూనికోడ్-రేంజ్‌లో (ఏయే అక్షరాలకు ఈ ఫాంటు వాడాలో చెప్పే చోట) తెలుగు గదులు, అంటే 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు, మాత్రమే రాస్తారు. పైన చెప్పిన జీరో విడ్త్ నాన్ జాయినర్, దాని జత అయిన జీరో విడ్త్ జాయినర్ అనే కనిపించని గుర్తులు రెండూ (200సి, 200డి) ఆ గదుల బయట ఉంటాయి. వాటిని చేర్చకపోతే కొన్ని బ్రౌజర్లలో ‘వెబ్‌సైట్’ మధ్యలో ఫాంటు మారి పొల్లు వింతగా కనిపిస్తుంది. చుక్కల సున్న (25సిసి), దండాలు (0964, 0965) కూడా చేర్చండి.

రెండోది, సైజు తగ్గించాలని ఫైలును ఏదో ఒక కోత సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వడం. తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చేవి ఫాంటులోని జీసబ్, జీపోస్ అనే పట్టికలు. వాటిని తీసేస్తే ‘క’ ఉంటుంది, ‘ష’ ఉంటుంది, ‘క్ష’ మాత్రం ఉండదు. కోత అయ్యాక లేఅవుట్ ఫీచర్లన్నీ మిగిలాయో లేదో చూసుకోండి.

ఇన్‌డిజైన్, ఫొటోషాప్‌లలో ‘స్త్రీ’ కాస్తా ‘స్‌త్‌రీ’ అవుతోంది.

సాఫ్ట్‌వేర్ ఇంగ్లిష్ కూర్పరిని వాడుతోంది. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూ తెరిచి అడోబి వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి. దాన్ని పేరాగ్రాఫ్ స్టైల్లోనే పెట్టేస్తే ప్రతిసారీ మార్చే బాధ ఉండదు. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద ఇండిక్ ఆప్షన్లు చూపించమని టిక్ పెట్టి, తర్వాత పేరాగ్రాఫ్ ప్యానెల్లో సౌత్ ఏషియన్ కంపోజర్ తీసుకోండి. ఫొటోషాప్ పాత వెర్షన్లలోనూ ప్రిఫరెన్సెస్, టైప్ కిందే ఈ ఎంపిక ఉంటుంది. మార్చాక కొత్త టెక్స్ట్ లేయరు తెరవండి. పేజ్‌మేకర్‌కు యూనికోడే తెలియదు. అందులో ఈ ఫాంటు కుదరదు.

వర్డ్‌లో ఇంకో రకం చిక్కు. ఫాంట్ పెట్టెలో ఇంగ్లిష్‌కు ఒక గడి, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్‌కు ఒక గడి ఉంటాయి. తెలుగు రెండోదాన్ని చూస్తుంది. పైన నోటో అని కనిపిస్తున్నా అక్షరాలు గౌతమిలోనో నిర్మలాలోనో ఉంటే, ఆ రెండో గడిలో మార్చండి.

అను ఫాంట్లలో ఉన్న పాత మ్యాటర్‌కు ఈ ఫాంటు పెట్టొచ్చా?

నేరుగా కుదరదు. అను లాంటి పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు ముక్కలను ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో కూర్చోబెట్టారు. ఫాంటు మార్చగానే అర్థంలేని ఇంగ్లిష్ బయటపడుతుంది. ముందు యూనికోడ్ కన్వర్టర్‌తో మార్చాలి, తర్వాత ప్రూఫు చూడాలి. ప్రూఫులో చూడాల్సినవి ఇవి: మధ్యలో ఉన్న అసలు ఇంగ్లిష్ మాటలు పిచ్చి తెలుగుగా మారి ఉంటాయి, ఎందుకంటే ఏది ఏదో కన్వర్టర్‌కు తెలియదు. ఇంగ్లిష్ నుంచి వచ్చిన మాటల్లో పొల్లులు ఒత్తులై ఉంటాయి. ఐత్వం రెండు ముక్కలుగా మిగిలి ఉండొచ్చు. కంటికి తేడా తెలియదు గానీ ‘కైక’ అని వెతికితే దొరకదు. మొత్తం టెక్స్ట్‌ను యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ (విడి ముక్కలను ఒకే గుర్తుగా కలిపే) రూపంలోకి మారిస్తే ఐత్వం గండం గడుస్తుంది.

ప్రెస్సుకు, ఫ్లెక్స్‌కు, వినైల్ కటింగుకు పంపేటప్పుడు?

ఆఫ్‌సెట్లో చిన్న అక్షరాలకు నలుపు ఒక్కటే 100 శాతం ఇవ్వండి. నాలుగు రంగులు కలిపిన నలుపు ఇస్తే, ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా ఒత్తుల చుట్టూ రంగుల నీడ పడుతుంది. నల్లటి నేల మీద తెల్లక్షరాలైతే మందం ఒక మెట్టు పెంచండి, 400 బదులు 500. సిరా పాకి గీతను సన్నబరుస్తుంది.

ఫ్లెక్స్‌కు పంపేముందు అక్షరాలను కర్వ్స్‌లోకి (ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలుగా) మార్చండి. లేకపోతే అవతలి కంప్యూటర్లో ఫాంటు లేక డబ్బాలో, విడిపోయిన ఒత్తులో అచ్చవుతాయి. అసలు ఫైలు వేరుగా దాచుకోండి, కర్వ్స్‌లో అక్షరదోషం దిద్దడం కుదరదు.

వినైల్ కటింగుకు వేరియబుల్ ఫైలు వాడకండి. అందులో ఒక అక్షరం రెండు మూడు ఆకారాలు ఒకదాని మీద ఒకటి పడి తయారై ఉండొచ్చు. తెర మీద తెలియదు. కత్తి మాత్రం ఆ లోపలి గీతల వెంటా కోస్తుంది, తలకట్టు అతికిన చోట ముక్క లేచిపోతుంది. విడి ఫైళ్లలో ఆ ఆకారాలను ముందే కలిపేస్తారు. వేరియబుల్ తప్పకపోతే కర్వ్స్ చేశాక వెల్డ్ చేయండి, అంటే ఆ ఆకారాలను ఒకటిగా కలపండి.

బోర్డు మీద సైజుకు సైన్‌బోర్డు పనివాళ్ల లెక్క ఒకటుంది: హాయిగా చదవాలంటే 10 అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. తెలుగులో ఆ అంగుళాన్ని ‘వ’ గుండ్రానికి లెక్కపెట్టండి, ఒత్తులతో సహా మొత్తం ఎత్తుకు కాదు. వెడల్పు 75 శాతం కంటే తగ్గించకండి. దూరం నుంచి చూస్తే ‘ప’, ‘ష’ ఒకేలా కనిపిస్తాయి.

సబ్‌టైటిళ్లకు?

బాగుంటుంది. 1080 తెర మీద 48 నుంచి 52 పిక్సెళ్లు, మందం 500, నల్లటి అంచు 2 పిక్సెళ్లు. అంచు 4 చేస్తే ఒత్తుల లోపలి ఖాళీ పోతుంది. దాని బదులు వెనక పలచని నల్లపట్టీ మేలు. రెండు పంక్తులకు మించవద్దు.

పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అక్షరాలు తారుమారవుతున్నాయి.

పీడీఎఫ్‌లో దాచేది అక్షరాల బొమ్మలను. ఏ బొమ్మ ఏ అక్షరమో చెప్పే పట్టిక సరిగా రాయని సాఫ్ట్‌వేర్‌తో చేస్తే ఒత్తులు, గుడులు కలగాపులగమవుతాయి. ప్రింట్ కొట్టి పీడీఎఫ్ చేయడం కంటే ఎక్స్‌పోర్ట్ చేయడం మేలు. చేశాక ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. జనం వెతుక్కోవాల్సిన పత్రమైతే వెబ్ పేజీగా కూడా ఇవ్వండి.

పాత అక్షరాలు, రూపాయి గుర్తు ఉన్నాయా?

అరసున్న (ఁ), బండి ర (ఱ), దంత్యాలైన ౘ, ౙ, అవగ్రహం (ఽ) ఉన్నాయి. ₹ గుర్తు యూనికోడ్‌లోకి 2010లో వచ్చింది కాబట్టి అంతకుముందు చేసిన ఫాంట్లలో ఉండదు. నోటోలో తెలుగు ఫైలు ఇంగ్లిష్ అక్షరాలతో కలిసి ఉన్నదైతే ఇబ్బంది లేదు; లేకపోతే పక్కన నోటో శాన్స్ కూడా పెట్టుకోండి.

డబ్బు కట్టాలా? లోగోకు వాడొచ్చా?

ఇది ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ 1.1 కింద ఉంది. వ్యాపారానికి, లోగోకు, పుస్తకానికి, యాప్‌కు ఉచితం. మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పంచుకోవచ్చు, కానీ అదే లైసెన్సు కింద. ఫాంటు ఫైలును ఒక్కదాన్నే వస్తువుగా అమ్మకూడదు.

అన్నీ సరిగ్గా కుదిరాయో లేదో ఒక్కసారిలో చూసేదెలా?

ఈ పంక్తిని మీ పేజీలో, ఫైలులో లేదా యాప్‌లో అతికించి, మీరు వాడబోయే అతి చిన్న సైజులో రెండుసార్లు, ఒకదాని కింద ఒకటి వచ్చేలా పెట్టండి:

స్త్రీ రాష్ట్రం జ్యోత్స్న లక్ష్మి సంస్కృతి వాఙ్మయం దుఃఖం ఋషి విజ్ఞానం అర్థం అర్ధం తిరు తీరు ఫేస్‌బుక్ ₹1,250

ఒత్తులు కింది పంక్తిని తాకకూడదు. ‘ఙ్మ’ విడిపోకూడదు. రెండు ‘అర్థా’లు వేరుగా కనిపించాలి. ‘ఫేస్‌బుక్’లో స్ మీద పొల్లు నిలవాలి. అంకెలు, ₹ అక్షరాల మందంతోనే ఉండాలి. తర్వాత అదే పంక్తిని బోల్డ్ చేసి, ‘క్ష్మి’ లోపలి ఖాళీలు తెరిచే ఉన్నాయేమో చూడండి.